తడి దారానికా, సూది బెజ్జానికా?

పాలకొల్లు టైలరు:
దారపు కొసను నోట తడిపి, పురిపెట్టి ఎక్కించడమే ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్న పని. తడపవలసినది దారాన్ని కాదు, బెజ్జాన్నని ఈమధ్య కొందరు చెబుతున్నారు. సూదికి తడి తగిలితే తుప్పు పట్టదా?

రాజోలు కోడలు:
నూలుదారం నీరు పీల్చుకొని ఉబ్బుతుంది కనుక, తడిపిన కొస బెజ్జం దగ్గర మరింత లావై మొరాయిస్తుంది. కొసను పళ్లతో కొరకకుండా పదునైన కత్తెరతో ఏటవాలుగా కత్తిరించి, బెజ్జానికి మాత్రం వేలికొసతో కాస్త తడి అద్ది చూడండి. అప్పటికీ ఎక్కకపోతే సూదిని అటు తిప్పండి. బెజ్జాన్ని అచ్చుతో పొడుస్తారు కనుక ఒక్కోసారి ఒకవైపు నునుపుగా, రెండోవైపు గరుకుగా ఉంటుంది.

నరసాపురం వాసి:
మా ఇంట లేసు అల్లేవారికి ఈ బాధే లేదు. కొక్కెపు సూదికి బెజ్జమే ఉండదు.

పాలకొల్లు టైలరు:
లేసుకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చినందుకు సంతోషమే కానీ, ఇక్కడ ఎవరూ లేసు గురించి అడగలేదు. నేను అడిగిన తుప్పు మాటకు ఇంకా జవాబు రాలేదు.

రాజోలు కోడలు:
ఈనాటి చేతిసూదులు చాలావరకు నికెల్ పూత పూసిన ఉక్కువి. పని అయ్యాక తుడిచి పెట్టుకుంటే సరిపోతుంది.

అమలాపురం పాఠకుడు:
రేకుబిళ్లకు సన్నతీగ ఉచ్చు బిగించినది ఫ్యాన్సీ దుకాణాల్లో దొరుకుతుంది. ఉచ్చును బెజ్జంలోంచి దూర్చి, అందులో దారం వేసి వెనక్కు లాగితే సరి.

పాలకొల్లు టైలరు:
అది వాడేవాడు టైలరు కాడు! ఒకప్పుడు నేను పనిచేసిన దుకాణంలో, నాకు సూదులు ఎక్కించి ఇవ్వడానికని యజమాని ఒక కుర్రవాణ్ణి పెట్టాడు. నెల తిరక్కుండానే నా మిషను ఆ కుర్రవాడికి ఇచ్చి నన్ను పంపేశాడు. ఈ సులువులన్నీ ఎక్కడికి దారితీస్తాయో నాకు తెలుసు.

రాజోలు కోడలు:
అయితే మీ తగవు తడితో కాదండీ, చత్వారంతో. మా అత్తగారూ ఇంతే. కళ్లజోడు పెట్టుకోరు గానీ, నేను బడికి బయలుదేరే వేళకు పది సూదులకు దారాలు ఎక్కించి దిండుకు గుచ్చి వెళ్లమంటారు. నలభై దాటాక కంటి కటకం బిగుసుకొని దగ్గరి వస్తువు ఆనకపోవడం అందరికీ వచ్చేదే. అందులో దాచుకోవడానికి ఏముంది?

పాలకొల్లు టైలరు:
కళ్లజోడు నాకూ ఉంది. కాజాలు కుట్టేటప్పుడు, దుకాణంలో ఎవరూ లేకపోతే పెట్టుకుంటాను. వచ్చినవారు చూశారంటే పట్టుజాకెట్టు గుడ్డను పక్క దుకాణానికి పట్టుకుపోతారు. మీ అత్తగారికీ అలాంటి కారణమేదో ఉండే ఉంటుంది, అడిగి చూడండి.

భీమవరం నుంచి:
అరచేతిలో దారం పరచి, బెజ్జాన్ని దానిమీద ఆనించి ముందుకూ వెనక్కూ గబగబా రుద్దండి. దారం మడతపడి ఉచ్చులా బెజ్జంలోంచి పైకి వస్తుంది. దీనికి కంటిచూపుతో పని లేదు.

పాలకొల్లు టైలరు:
తలుపు వేసుకొని ప్రయత్నించాను. నాలుగోసారికి వచ్చింది. సూది మాత్రం పొడిగానే ఉందని మనవి.