రాత్రి లైట్ ట్రెయిల్స్: ఒకే ఎక్స్‌పోజర్‌లో తీయాలా, ముక్కలుగా తీసి కలపొచ్చా?

చెరువుగట్టు (హైదరాబాద్):

అందరికీ నమస్కారం. రాత్రిపూట లాంగ్ ఎక్స్‌పోజర్‌లో, అంటే షటర్ చాలాసేపు తెరిచి ఉంచి, కదిలే బండ్ల లైట్లు గీతల్లా (లైట్ ట్రెయిల్స్) వచ్చేలా తీయడం ఈ మధ్యే మొదలుపెట్టాను. క్రాప్ సెన్సర్ కెమెరా, 18-55 కిట్ లెన్స్, ఓ మోస్తరు ట్రైపాడ్, కేబుల్ రిలీజ్ (కెమెరాను ముట్టుకోకుండా షటర్ నొక్కే వైరు బటన్). నా సరంజామా ఇంతే. గచ్చిబౌలిలో ఫ్రెండ్ వాళ్ల అపార్ట్‌మెంట్ టెర్రస్ మీంచి బయోడైవర్సిటీ జంక్షన్ ఫ్లైఓవర్ బాగా కనిపిస్తుంది. అక్కడ ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/11, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100 పెట్టి, 20 సెకన్ల ఫ్రేములు వరసగా 12 తీసి, లైటెన్ మోడ్‌లో స్టాక్ చేశాను, అంటే సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి కలిపాను. మొత్తం 4 నిమిషాల ట్రాఫిక్ ఒక్క ఫొటోలోకి వచ్చింది.

దాన్ని మా ఏరియా ఫొటో గ్రూపు వాళ్ల లైట్ ట్రెయిల్స్ పోటీకి పంపితే, "ఇది అతుకుల ఫొటో, లాంగ్ ఎక్స్‌పోజర్ కింద లెక్కలోకి రాదు" అని తీసేశారు. స్టాకింగ్ వద్దని రూల్స్‌లో ఎక్కడా లేదు. సరే, పోటీ సంగతి వదిలేద్దాం. దీన్ని హాబీగా నేర్చుకునేవాళ్లు అసలు ఏ దారిలో వెళ్లాలి? షటర్ తెరిచి ఒకే ఫ్రేములో తీయాలా, ముక్కలుగా తీసి కలిపినా పర్వాలేదా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గోదారి_ఫిల్మ్ (రాజమండ్రి):

ఒకే ఫ్రేము, తమ్ముడూ. కటువుగా అనిపించినా నా మాట ఇదే.

నేను ఫిల్మ్ మీద నేర్చుకున్నవాణ్ణి. పుష్కర ఘాట్ దగ్గర ట్రైపాడ్ వేసుకుని, ఆర్చి బ్రిడ్జి మీద వెళ్లే రైళ్లు తీసేవాణ్ణి. వంతెన పొడవు 2.7 కిలోమీటర్లు. కొవ్వూరు వైపు ఇంజిను లైటు కనపడగానే షటర్ తెరవడం, చివరి పెట్టె వంతెన దిగాక మూయడం. రెండు మూడు నిమిషాలు పట్టేది. ఆ కాసేపట్లో కిటికీల వెలుగంతా ఒక పసుపు పట్టీగా సాగేది. గాలి లేని రోజున నీళ్లలో ఇంకో పట్టీ పడేది.

దీనికి తోడు ఫిల్మ్‌తో ఇంకో పేచీ. ఎక్స్‌పోజర్ కొన్ని సెకన్లు దాటిందంటే ఫిల్మ్ వెలుగును అందుకోవడం తగ్గిపోతుంది. వెలుగు కొలిచే మీటర్ 30 సెకన్లు చూపిస్తే చాలా బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములకు నిమిషం దాటి ఇవ్వాల్సి వచ్చేది. లెక్క తప్పిందో లేదో రోల్ కడిగితే గానీ తెలియదు. అందుకే షటర్ తెరవకముందే అంతా ఆలోచించుకునేవాళ్లం. ఏ రైలు, ఎంత వేగంలో వస్తుంది, నీళ్ల మీద అల ఉందా, ఫ్రేములో ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుంది. ఈ హాబీలో నేర్చుకోవాల్సిందంతా అక్కడే ఉంది. పన్నెండు తీసుకుని, ఇంటికెళ్లి బాగున్నవి ఏరుకుందాంలే అనుకునేవాళ్లకు ఆ ఆలోచన ఎందుకు వస్తుంది?

1949లో జాన్ మిలీ అనే ఫొటోగ్రాఫర్, చీకటి గదిలో పికాసో చేత చిన్న లైటుతో గాల్లో బొమ్మలు గీయించి ఫొటోలు తీశాడు. షటర్ తెరిచే ఉంది, లైటు కదిలింది, మనిషి కనపడటానికి ఫ్లాష్ వెలిగింది. అంతా ఒకే నెగటివ్ మీద. చెయ్యాలనుకుంటే అవుతుంది.

బల్బ్_మోడ్ (విజయవాడ):

మాస్టారూ, రైలు విషయంలో మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. ఫ్లైఓవర్ విషయంలో ఒప్పుకోలేను. ఆ రెండు చోట్లా వెలుగు పనిచేసే తీరే వేరు.

కదిలే హెడ్‌లైటు సెన్సర్ మీద ఏ ఒక్క చోటా ఆగదు, అలా తాకి వెళ్లిపోతుంది. అందుకని దాని గీత ఎంత ప్రకాశంగా పడుతుందన్నది ఎపర్చర్, ఐఎస్ఓ, బండి వేగం తేలుస్తాయి. షటర్ ఎక్కువసేపు తెరిస్తే గీతలు పొడవవుతాయి, ఎక్కువవుతాయి, అంతే. వీధి దీపం, హోర్డింగు, అపార్ట్‌మెంట్ కిటికీ మాత్రం షటర్ తెరిచినంతసేపూ ఒకే చోట వెలుగు పోస్తూనే ఉంటాయి. 20 సెకన్లకు సరిపోయిన వీధి దీపం 4 నిమిషాలకు 12 రెట్లవుతుంది, అంటే మూడున్నర స్టాపులు ఎక్కువ (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు). పూర్తిగా బర్న్ అయిపోతుంది, అంటే వివరం లేకుండా తెల్లబడిపోతుంది. మాస్టారి రైలు వంతెన దగ్గర చుట్టూ చీకటి కాబట్టి ఈ బాధ లేదు. గచ్చిబౌలిలో చీకటి ఎక్కడుంది?

ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టే, వెలుగు తగ్గించే నల్లటి అద్దం) పెట్టొచ్చు కదా అంటారు. ఎన్‌డీ8 పెడితే వీధి దీపం ఎనిమిదో వంతుకు తగ్గుతుంది, నిజమే. కానీ కారు గీత కూడా ఎనిమిదో వంతుకు పడిపోతుంది! బండ్లు ఎడతెరిపి లేకుండా పోయే రోడ్డయితే గీత మీద గీత పడి మళ్లీ నిండుతుంది. పలచటి ట్రాఫిక్‌లో అయితే రోడ్డు బోసిపోయి కనిపిస్తుంది.

లైటెన్ స్టాక్‌లో సాఫ్ట్‌వేర్ ఒక్కో పిక్సెల్ దగ్గర, అన్ని ఫ్రేముల్లో ఎక్కువ వెలుగున్నదాన్ని ఉంచుతుంది. వీధి దీపం 20 సెకన్ల మోతాదు దగ్గరే ఆగుతుంది, గీతలు మాత్రం పోగవుతాయి. ఇందులో అబద్ధం ఏముంది? ఆ 4 నిమిషాల్లో ఆ రోడ్డు మీద వెళ్లిన బండ్లే అవన్నీ.

అయితే స్టాకింగ్ చేసేవాళ్లు చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. సింగిల్ ఎక్స్‌పోజర్‌లో వెలుగులు ఒకదానికొకటి కూడుకుంటాయి. వరసగా బస్సులు పోయిన లేన్, రెండు కార్లు పోయిన లేన్ కన్నా చిక్కగా మెరుస్తుంది. లైటెన్‌లో ఆ తేడా చాలావరకు పోతుంది, గీతలన్నీ ఒకే బరువుతో వస్తాయి. రద్దీ ఎంతుందో ఫొటోలో తెలియాలంటే నేను స్టాక్ చేయను, సింగిలే తీస్తాను. కాబట్టి ఈ రెండింటిలో ఒకటి కష్టమైన దారి, ఒకటి దొంగదారి అనుకోవడం సరికాదు. వచ్చే ఫొటోలే వేరు.

విశాఖ_సంధ్య (విశాఖపట్నం):

నాది స్టాకింగ్ పక్షమే, నా కారణాలు వేరు. మన దగ్గర పొద్దు గుంకాక ఆకాశం నీలంగా ఉండేది 20, 25 నిమిషాలే. కైలాసగిరి మీంచి బీచ్ రోడ్డు మలుపు తీయాలంటే ఆ కాసేపట్లోనే తీయాలి. పైగా సముద్రపు గాలి. ఏసీ కారులోంచి దిగి కెమెరా బయటికి తీస్తే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది, తుడిచినా మళ్లీ పడుతుంది. పక్కన ఎవరో మొబైల్ టార్చి వేస్తారు. ఇంకెవరిదో కాలు ట్రైపాడ్‌కి తగులుతుంది. 4 నిమిషాల సింగిల్ షాట్‌లో వీటిలో ఏ ఒక్కటి జరిగినా ఆ రోజు నీలి ఆకాశంలో పెద్ద ముక్క పోయినట్టే. స్టాక్‌లో అయితే ఆ ఒక్క ఫ్రేము పక్కన పెడితే సరిపోతుంది.

ఒక్క చోట మాత్రం నేనూ స్టాక్ జోలికి పోను. హార్బర్‌లోకి రావడానికి ఎదురుచూసే ఓడలు బయట లంగరేసుకుని ఉంటాయి కదా. ఒడ్డు నుంచి చూస్తే కదలకుండా ఉన్నట్టే ఉంటాయి. 4 నిమిషాలు షటర్ తెరిచి, వచ్చిన ఫొటో పెద్దది చేసి చూడండి. ఒక్కో ఓడ దీపం, బడిలో వేసిన కొత్తలో పిల్లలు పలక మీద గీసే గీతల్లా మెలికలు తిరిగి ఉంటుంది. అల మీద ఓడ ఎటు ఊగిందో అదంతా అందులో పడుతుంది. ఊగి వెనక్కి మళ్లే చోట ఓడ క్షణం ఆగుతుంది కాబట్టి అక్కడ గీత చిక్కబడుతుంది. బల్బ్_మోడ్ గారు చెప్పిన కూడుకోవడం ఇదే. స్టాక్ చేస్తే ఆ చిక్కదనం పలచబడిపోతుంది. నేను రెండు రకాలుగానూ తీసి చూశాను, తేడా స్పష్టంగా కనిపించింది.

గోదారి_ఫిల్మ్:

అమ్మా, ఓడల సంగతి ఎంత బాగా చెప్పారు. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను. కాలు తగిలిన ఫ్రేము పక్కన పెట్టారు, ఒప్పుకున్నాను. రేపు నచ్చని లారీ ఉన్న ఫ్రేము పక్కన పెడతారు. ఎల్లుండి ఆరున్నరకు తీసిన నీలి ఆకాశానికి ఎనిమిదింటికి తీసిన ట్రాఫిక్ కలుపుతారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో కనపడే ఫ్లైఓవర్ ఫొటోల్లో ఇలాంటివి బోలెడు. చూడ్డానికి అద్భుతంగా ఉంటాయి, కానీ ఆ ఊళ్లో అలాంటి సాయంత్రం ఏ రోజూ లేదు. ఎక్కడ ఆగాలో ఎవరు చెబుతారు? సింగిల్ ఫ్రేములో ఆ ప్రశ్నే రాదు.

పలచటి ట్రాఫిక్‌కి ఫిల్టర్ పనిచేయదన్నారు. దానికి ఫిల్టర్ ఎందుకండీ, నల్ల అట్ట ముక్క చాలు. బల్బ్‌లో (బటన్ నొక్కి ఉంచినంతసేపూ షటర్ తెరిచి ఉండే మోడ్) షటర్ తెరిచి, బండి లేనప్పుడు లెన్స్‌కి తగలకుండా దాని ముందు అట్ట అడ్డం పెట్టండి. బండి ఫ్రేములోకి వస్తుండగా తీయండి, పోగానే మళ్లీ పెట్టండి. అట్ట అడ్డంగా ఉన్నంతసేపూ వీధి దీపం కూడా సెన్సర్ మీద పడదు కాబట్టి బర్న్ అవదు. దీపావళికి తారాజువ్వలు మేం తీసేది ఇలాగే. ఒకటి పేలగానే అట్ట, ఇంకోటి లేవగానే తీసేయడం. నాలుగైదు జువ్వలు ఒకే ఫ్రేములో పడతాయి, వెనక ఊరి దీపాలు పాడవకుండా ఉంటాయి.

నక్షత్రాల_వేట (అనంతపురం):

ఈ వాదన కార్ల లైట్ల దగ్గరే ఆగితే ఎలా? నేను తీసేది స్టార్ ట్రెయిల్స్, అంటే ఆకాశంలో నక్షత్రాలు కదిలిన గీతలు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, కంటికి ఆనే వంపు రావాలంటే గంటైనా తీయాలి. డిజిటల్ సెన్సర్‌ని గంటసేపు వరసగా తెరిచి ఉంచితే అది వేడెక్కి ఫొటో నిండా రంగు చుక్కలు పడతాయి. ఊరి వెలుగు ఏ మాత్రం ఉన్నా ఆకాశం తెల్లబడిపోతుంది. ఈ రోజుల్లో స్టార్ ట్రెయిల్స్ దాదాపు అందరూ స్టాక్ చేసే తీస్తున్నారు, ఎవరూ అతుకులనరు.

ఇంకో సంగతి. ఒలింపస్ 2014లోనే లైవ్ కాంపోజిట్ అని కెమెరా లోపలే ఈ లైటెన్ పని చేసే సదుపాయం ఇచ్చింది. 2018లో వచ్చిన గూగుల్ నైట్ సైట్ మొదలు, మన ఫోన్లలో నైట్ మోడ్ చేసేది కూడా చాలా షాట్లు తీసి కలపడమే. కెమెరా కలిపితే ఫొటో, మనిషి కలిపితే అతుకులా?

మాస్టారు ఎక్కడ ఆగాలని అడిగారు కదా. నేను పాటించేది ఇది: ఒకే చోట, ఒకే సెట్టింగులతో, వరసగా తీసిన ఫ్రేములే కలుపుతాను. ఏదైనా తీసేస్తే ఫొటో కింద రాస్తాను. వేరే టైములో తీసింది కలపను. సంధ్య గారు చెప్పిన టార్చి పడ్డ ఫ్రేము దీంట్లో ఇమిడిపోతుంది, ఎనిమిదింటి ట్రాఫిక్ ఇమడదు.

చెరువుగట్టు:

అందరికీ థాంక్స్. నల్ల అట్ట సంగతి నాకు అస్సలు తెలియదు. ఒక డౌట్. నా ఫొటో పెద్దది చేసి చూస్తే గీతల్లో కొన్ని చోట్ల ఖాళీలున్నాయి. కొన్ని ఎర్ర గీతలైతే మొత్తం చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. రెండూ స్టాకింగ్ వల్లేనా?

బల్బ్_మోడ్:

ఖాళీలు స్టాకింగ్ వల్లే. చుక్కలకు కారణం వేరు. కొత్త కార్ల ఎల్ఈడీ టెయిల్‌లైట్లు చాలావరకు నిలకడగా వెలగవు, కంటికి ఆనని వేగంతో ఆరి వెలుగుతుంటాయి. కదిలే బండి మీద అది చుక్కల గీతగా పడుతుంది. సింగిల్ షాట్‌లోనూ అలాగే వస్తుంది, దానికి మందు లేదు.

ఖాళీల గురించి: 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఇంటర్వెల్ టైమర్‌లో ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య ఒక్క సెకను వదిలినా గీతలో అంత మేర తెగిపోతుంది. కాబట్టి టైమర్ వాడకు. మాన్యువల్‌లో 20 సెకన్లు పెట్టి, డ్రైవ్ కంటిన్యువస్‌లో ఉంచి, కేబుల్ రిలీజ్ బటన్ లాక్ చేసెయ్. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ తప్పకుండా ఆఫ్ చెయ్. అది ఆన్‌లో ఉంటే 20 సెకన్ల ఫ్రేము అవగానే కెమెరా ఇంకో 20 సెకన్లు షటర్ మూసి డార్క్ ఫ్రేము తీసుకుంటుంది, ఆలోగా సగం ట్రాఫిక్ వెళ్లిపోతుంది. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వద్దు, ఫోకస్ మాన్యువల్, లెన్స్ స్టెబిలైజేషన్ ఆఫ్.

అదే టెర్రస్ మీంచి అదే టైముకి ఒకటి స్టాక్, ఒకటి మాస్టారి అట్టతో సింగిల్ తీసి రెండూ ఇక్కడ పెట్టు. ఫ్లైఓవర్ మీద బస్సులు పోయే లేన్ చూసుకుంటే నేను చెప్పిన తేడా తెలిసిపోతుంది.

చెరువుగట్టు:

ఈ శనివారమే తీస్తానన్నా.

గోదారి_ఫిల్మ్:

తప్పకుండా పెట్టు తమ్ముడూ, రెండూ చూస్తాను. అట్ట మెరవని నల్లటిది తీసుకో, ఫ్లైఓవర్ లైట్లు దాని మీద మెరిసి లెన్స్‌లో పడకూడదు. పోటీకి మాత్రం సింగిల్ ఫ్రేమే పంపాలన్నది ఇప్పటికీ నా మాట.