ఇంటికొస్తే... డోకా? దాకా?

మల్కాపురం మనవరాలు: మా తాత విశాఖ షిప్‌యార్డులో రివెట్లు కొట్టిన మనిషి. సాయంత్రం అరుగు మీద తువ్వాలు దులిపి కూచుని ఒక పదం అనేవాడు. “పొద్దుట డాకు, లేటైతే డాకు, నోరెత్తితే డాకు, ఇంటికొస్తే...” నాలుగోది రావట్లేదు. వారం నుంచి గొంతులో చేపముల్లులా ఉంది. డోకు అని నా చెవి అంటోంది, కాదని అమ్మ అంటోంది. ఎవరైనా విన్నారా?

పాత నిఘంటువు: మొదటి మూడూ ఇంగ్లీషువే గానీ ఒక్క మాట కాదమ్మా. ఓడని నిలబెట్టే డాక్ డచ్చి వాళ్ల నుంచి వచ్చింది. జీతం కోసే డాక్‌కి మూలం తోక: గుర్రానికో కుక్కకో తోక కత్తిరించడం, అక్కణ్ణుంచి కూలి కత్తిరించడం. కోర్టులో ముద్దాయి నిలబడే డాక్ ఫ్లెమిష్ మాట, కోళ్ల గూడు, కుందేళ్ల గూడు అని అర్థం. మూడూళ్ల వాళ్లు ఒకే చొక్కా తొడుక్కుని వచ్చారన్నమాట.

లాయరు గారు: ఆ గూడు దగ్గర కాస్త ఆగండి. మనం దాన్ని బోను అంటాం కదా. ఎలుకకి పెట్టేదీ బోనే, పులికి పెట్టేదీ బోనే. వాళ్లూ మనమూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే ముద్దాయిని జంతువుల పెట్టెలో నిలబెట్టాం. ఇంగ్లీషువాడు పాపం సాక్షికి వేరే మాట వాడాడు. మనం సాక్షిని కూడా బోనెక్కించాం. ముప్పయ్యేళ్లుగా ఆ కర్రల పక్కన నిలబడుతున్నాను, ఈ సంగతి ఇవాళే తట్టింది.

కంచరపాలెం: నాకు రెండో డాకు మీద అనుమానం. మా నాన్నది పోర్టులో పని. “మస్టరు (హాజరు) పోయింది”, “పూట కోసేశారు” అనేవాడు. “డాక్ చేశారు” అని ఒక్క కూలీ నోట నేను వినలేదు. ఇది చదువుకున్నవాళ్లెవరో తర్వాత అల్లిన పదం. మీ తాతగారిది కాదు.

మల్కాపురం మనవరాలు: తాత చదివింది మూడో తరగతే, ఒప్పుకుంటాను. కానీ సూపర్‌వైజరు నోట్లోంచి ఏ మాట జారినా పట్టేసుకునేవాడు. 1948లో జలఉష ఓడ నీళ్లలోకి దిగినప్పుడు నెహ్రూని చూశానని మాకు వందసార్లు చెప్పాడు. ఆ కథలో సగం మాటలు ఇంగ్లీషువే ఉండేవి.

కంచరపాలెం: అదీ అసలు సంగతి. యార్డు వేరు, పోర్టు వేరు. పోర్టు 1933లో తెరిచారు. యార్డుకి 1941లో సింధియా కంపెనీ వాళ్లు రాజేంద్రప్రసాద్ చేత పునాది వేయించారు. కంపెనీ పోయినా పేటకి ఆ పేరే ఉండిపోయింది. గేటు మారితే మాట కూడా మారుతుందేమోలెండి. పోర్టులో మాత్రం లేదు.

ప్రాసపిచ్చి: అందరూ అర్థాల వెంట పడ్డారు గానీ, అసలిది ప్రాస కాదు. యమకం. డాక్, లాక్, నాక్, సాక్ అని మొదటి హల్లు మారితేనే ఇంగ్లీషువాడికి ప్రాస కుదిరినట్టు. డాక్‌కి డాక్ అనే వేస్తే ఇతనికి చేతకాలేదంటాడు. అదే పని అర్థం మార్చి మనం చేస్తే అలంకారం!

సీతమ్మధార కుర్రాడు: నాదో సిద్ధాంతం సార్. హిల్లక్ అంటే చిన్న కొండ, బుల్లక్ అంటే చిన్న ఎద్దు. అంటే ఆ చివర ముక్కకి ‘చిన్నది’ అని అర్థం. డాక్ కూడా చిన్న రేవు అయ్యుండాలి.

పాత నిఘంటువు: హిల్లక్‌లోంచి ఆ ముక్క తీసేస్తే హిల్ మిగులుతుంది. డాక్‌లోంచి తీసెయ్యి నాయనా, ఏం మిగులుతుంది? ఒక పొల్లు ‘డ్’. హిల్లక్, బుల్లక్ వరకూ నువ్వన్నది సరే. హిల్లక్‌ని మావైపు మెట్ట అంటారు. కానీ రూపం కలిసిందల్లా చుట్టం కాదు. లాక్ అంటే తాళం, జుట్టుపాయ కూడా లాకే. ఆ రెండూ వేర్వేరు మాటలు. రాయి రాక్ వేరు, ఊగే రాక్ వేరు.

సీతమ్మధార కుర్రాడు: సరే సార్, డాక్‌ని వెనక్కి తీసుకున్నాను. బుల్లక్ నాకే ఉండనీండి.

ప్రాసపిచ్చి: మళ్లీ నాలుగో ముక్కకి వద్దాం. మూడుసార్లు ఒకటే కొట్టి నాలుగోసారి తప్పించడంలోనే ఉంది రుచి. ఆరుద్ర కూనలమ్మ పదాల్లో చేసిందేమిటి? మూడు పాదాలకి అంత్యప్రాస, నాలుగోది మకుటం. 1925లో ఈ ఊళ్లోనే పుట్టిన మనిషి. కాబట్టి నా ఓటు డోకుకే.

లాయరు గారు: కోర్టుకెక్కినవాడి మీద ఆయన పదం ఒకటుంది కదా. మా బార్‌లో అందరికీ నోటికొచ్చు, క్లయింటు ముందు మాత్రం ఎవరూ అనరు.

కంచరపాలెం: మేనల్లుణ్ణి తలుచుకుని మేనమామ వరస ఆయన్ని వదిలేస్తారా? శ్రీశ్రీదీ ఈ ఊరే, 1910.

ప్రాసపిచ్చి: ఊరు ఒకటే, పద్ధతి వేరు. శ్రీశ్రీ నడిపిస్తాడు, ఆరుద్ర చిటికేస్తాడు. అరుగు మీద కూచుని అనుకునే పదానికి చిటికే కావాలి.

కంచరపాలెం: దీని మీద నేను రాత్రంతా వాదించగలను. పొద్దున్నే డ్యూటీ ఉంది కాబట్టి బతికిపోయారు.

మల్కాపురం మనవరాలు: పెద్దత్తకి ఫోన్ చేశాను. “డోకేటే, నీ మొకం! ఇంటికొస్తే దాక అనీవోడు. గుమ్మంలోకొచ్చి ముందు దాక మూతెత్తి సూసీవోడు” అంది. పొయ్యి మీది మట్టి దాకట!

ప్రాసపిచ్చి: డాకుకి దాక ఎలా అతుకుతుందండీ? మొదలూ మారింది, చివరా మారింది.

పాత నిఘంటువు: మొదటిదానికి నేను పూచీ. ఎడంపక్క ఎద్దుని దాపల అనీ అంటారు, డాపల అనీ అంటారు. పాడే నోటికి ‘ద’ని ‘డ’ చెయ్యడం ఎంతసేపు? చివరి ‘క’ సంగతి మాత్రం మీ అత్తగారినే అడగాలి.

కంచరపాలెం: మా ఇంట్లో దాన్ని చట్టి అంటారు.

లాయరు గారు: పేరు సరే, దాకలో ఏముండేదో అడిగారా?

మల్కాపురం మనవరాలు: అడిగాను. నెత్తళ్లు, చింతకాయ. మస్టరు పోయిన వారం గంజి.

కంచరపాలెం: నెత్తళ్లలో చింతకాయ ఎవరేస్తారండీ? మామిడికాయ కదా!