ద హేగ్‌లోని ట్రాన్స్‌వాల్ పేట: ఆ పేరెలా వచ్చింది, అక్కడున్న మన పోలికల మనుషులెవరు?

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఉద్యోగరీత్యా నెదర్లాండ్స్‌లోని ద హేగ్ నగరానికి వెళ్ళి రెండు నెలలయింది. ట్రాన్స్‌వాల్ అనే పేటలో ఒక చిన్న వాటా అద్దెకు కుదిరింది. మొన్న వీడియోలో తానుండే చోటు చూపిస్తే నాకు కాసేపు నోట మాట రాలేదు. పాల్ క్రూగర్‌లాన్ అట ఆ వీధి పేరు. అద్దాల వెనుక చీరలు, బంగారు గాజులు, ఒక కొట్టులోనైతే హారతి పళ్ళేల పక్కన హనుమంతుడి ఎర్రజెండాల కట్ట. ఆ కొట్టు యజమానిని "మీది ఇండియాలో ఏ రాష్ట్రమండీ" అని మా అమ్మాయి హిందీలో అడిగితే, ఆయన నవ్వి, తాను పుట్టింది సూరినామ్‌లోననీ, తన తాతగారు కూడా అక్కడే పుట్టారనీ, ఇండియాను తానింకా చూడనే లేదనీ హిందీలాంటి మరేదో భాషలో చెప్పారట.

డచ్చి ప్రభుత్వం కొలువున్న నగరంలో ఒక పేటకు దక్షిణాఫ్రికా పేరేమిటన్నది నా మొదటి సందేహం. మన బ్రాడీపేట, అరండల్‌పేట దొరల పేర్లంటే అర్థముంది, మనల్ని ఏలినవాళ్ళు పెట్టుకున్నారు. అక్కడ ఆ అవసరం ఎవరికొచ్చింది? ఆ కొట్టాయన వంటివారు ఎవరన్నది రెండోది. ఇక మా బావమరిది ఇంటర్నెట్‌లో ఏదో చదివి, "అది మంచి పేట కాదు బావా, వెంటనే ఇల్లు మార్పించు" అని రోజూ ఫోను చేస్తున్నాడు. తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

వన్‌టౌన్ పాఠకుడు (విజయవాడ) ఇచ్చిన జవాబు:

మాస్టారూ, పేరు సంగతి నేను చెబుతాను. ఆ పేట కట్టింది ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకాల్లో, ముఖ్యంగా కూలి, చిరుద్యోగ కుటుంబాల కోసం. దానికి కొంచెం ముందే, 1899 నుంచి 1902 వరకు, దక్షిణాఫ్రికాలో బోయర్లకూ ఇంగ్లీషువారికీ యుద్ధం జరిగింది. బోయర్లంటే చాలావరకు డచ్చి సంతతి రైతులు కాబట్టి, తమ దాయాదుల మీద సామ్రాజ్యం విరుచుకుపడిందని నెదర్లాండ్స్ జనం ఉడికిపోయారు. అక్కడి బోయర్ రాజ్యాల్లో ఒకటైన ట్రాన్స్‌వాల్‌కు అధ్యక్షుడైన పాల్ క్రూగర్‌ను తీసుకురావడానికి 1900లో విల్హెల్మినా రాణి గెల్డర్‌లాండ్ అనే యుద్ధనౌకను పంపింది. ఆ ఊపులోనే కొత్త వీధులకు క్రూగర్ పేరు, బోయర్ సేనాని డిలారే పేరు, పక్కనున్న మరో బోయర్ రాజ్యానికి అధ్యక్షుడైన స్టైన్ పేరు వచ్చి పడ్డాయి. ఆ పేటలోని పెద్ద సంత పక్కనున్న హెర్మన్ కోస్టర్ వీధి కూడా ఆ యుద్ధంలోనే చనిపోయిన ఒక డచ్చి న్యాయవాది పేరు. అంటే మన పేటల పేర్లు ఏలినవాళ్ళవి, వాళ్ళ పేటల పేర్లు ఓడిపోయిన చుట్టాలవి.

నన్ను ఆలోచింపజేసిన సంగతి ఇంకొకటుంది. అదే క్రూగర్ ప్రభుత్వం 1885లో చేసిన చట్టం ప్రకారం ఆసియావాళ్ళకు ట్రాన్స్‌వాల్‌లో పౌరసత్వం లేదు, ప్రభుత్వం చూపించిన వాడలో తప్ప సొంత స్థలం లేదు. తరువాత ఆ దేశం ఇంగ్లీషువారి చేతికి వచ్చాక కూడా వేలిముద్రల చట్టమని మన వాళ్ళను అవమానిస్తే, గాంధీగారు సత్యాగ్రహం మొదలుపెట్టింది ఆ గడ్డ మీదే. ఇవాళ ద హేగ్‌లో ఆ పేరున్న పేట అంచున, హోబెమా ప్లైన్ అనే కూడలిలో గాంధీగారి విగ్రహం ఉంది. క్రూగర్ పేరున్న వీధిలో చీరల కొట్లు ఎలాగూ మీరే చూశారు.

పటమట లంక (విజయవాడ) ఇచ్చిన జవాబు:

నేను ద హేగ్‌లో ఆరేళ్ళు ఉండి వచ్చాను కనుక మనుషుల గురించి చెబుతాను. ఆ కొట్టాయన చెప్పింది అక్షరాలా నిజం. సూరినామ్ దక్షిణ అమెరికా ఉత్తర తీరంలో ఉన్న పాత డచ్చి వలస. అక్కడ 1863లో బానిసత్వం రద్దు చేసి, విముక్తులైనవారిని ఇంకో పదేళ్ళు ఒప్పందం మీద తోటల్లోనే పనిచేయించారు. ఆ గడువు తీరేసరికి చెరకు తోటలకు కూలీలు కావాలి కదా, అందుకని 1870లో ఇంగ్లీషువారితో ఒడంబడిక చేసుకుని మన దేశం నుంచి మనుషులను తీసుకుపోయారు. లల్లా రూఖ్ అనే మొదటి ఓడ కలకత్తా నుంచి బయలుదేరి 1873 జూన్ 5న సూరినామ్ రాజధాని పరమారిబో చేరింది. 1916 వరకు 34 వేల పైచిలుకు మంది అలా వెళ్ళారు. ఐదేళ్ళ ఒప్పందం ముగిశాక సుమారు మూడో వంతు తిరిగి వచ్చారు, మిగిలినవారు అక్కడే భూములు చేసుకున్నారు. ఓడలు కలకత్తా నుంచి కాబట్టి వెళ్ళినవారు ఎక్కువగా బిహార్, అవధ్ ప్రాంతాలవారు. మన తెలుగువాళ్ళు మద్రాసులో ఓడ ఎక్కి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కూ, ఇతర చోట్లకూ పోయారు. మీ అమ్మాయికి హిందీలా వినిపించింది సర్నామీ, భోజ్‌పురీ అవధీ కలిసి అక్కడ పండిన భాష.

1975 నవంబరు 25న సూరినామ్‌కు స్వాతంత్ర్యం వచ్చింది. ఆ ముందూ వెనుకా, ముఖ్యంగా 1980లో ప్రవేశం కట్టుదిట్టం అయ్యేలోపు, భవిష్యత్తు మీద భయంతో జనం పెద్ద ఎత్తున నెదర్లాండ్స్‌కు తరలివచ్చారు. అందులో హిందుస్తానీలు, అంటే ఈ భారత సంతతివారు, ఎక్కువగా ద హేగ్‌లో స్థిరపడ్డారు. అప్పటికే ట్రాన్స్‌వాల్‌లోని పాత డచ్చి కుటుంబాలు జూటర్‌మేర్ వంటి కొత్త ఊళ్ళకు పోతున్నాయి, అద్దెలు తక్కువ. 1964లో టర్కీతో, 1969లో మొరాకోతో చేసుకున్న కూలి ఒప్పందాల మీద వచ్చినవారు కూడా కుటుంబాలను రప్పించుకుని ఆ చుట్టుపక్కలే దిగారు. అందుకే ఆ పేటలో ఒకే వరుసలో టర్కీ రొట్టెల బట్టీ, మొరాకో మాంసం కొట్టు, పూజా సామగ్రి దుకాణం కనిపిస్తాయి.

మీ అమ్మాయికి ఒక మాట చెప్పండి. వాళ్ళను "ఇండియన్" అనకుండా, వాళ్ళు చెప్పుకునేటట్టే హిందుస్తానీ అంటే మర్యాద. డచ్చి భాషలో "ఇండిష్" అన్న మాటకు ఇండోనేషియాకు చెందినదని అర్థం, మన దేశానిది "ఇండియాస్". ఇది తెలియక నేను ఇండిష్ భోజనశాల అన్న బోర్డు చూసి పప్పన్నం దొరుకుతుందని లోపలికి వెళ్ళి, వేరుశెనగ ముద్దతో ఉడికిన కూరగాయలు తిని వచ్చాను.

ఇక హాగ్సె మార్క్ట్ అని 1938 నుంచి ఉన్న సంత సోమ, బుధ, శుక్ర, శని వారాల్లో జరుగుతుంది, ఐరోపాలోని పెద్ద ఆరుబయటి సంతల్లో ఒకటి. కాకరకాయను సోప్రోపో అని, పొడుగు చిక్కుడును కౌసెబాంద్ అని పిలుస్తారు, పేరు తెలియకపోయినా చేత్తో చూపిస్తే చాలు. సూరినామ్ వాళ్ళ బండి మీద "బరా" అని అమ్ముతారు. మినపపిండితో, మధ్యలో చిల్లుతో నూనెలో వేయించినది. నేను మొదటిసారి కొరికినప్పుడు వెల్లుల్లి వాసన తగిలింది కానీ, అది మన గారె కాదని ఎవరు చెప్పినా ఒప్పుకోను. పక్కన మామిడికాయ పచ్చడి కూడా ఇస్తారు.

కొత్తపేట సివిల్ ఇంజనీరు (గుంటూరు) ఇచ్చిన జవాబు:

మీ బావమరిదిగారు చదివినది బహుశా పక్కనే ఉన్న స్కిల్డర్స్‌వైక్ గురించి అయి ఉంటుంది. అది చిత్రకారుల పేర్లున్న వీధుల పేట. ఇంటర్నెట్‌లో రెండింటినీ కలిపే తిడతారు. 2013లో ఒక డచ్చి దినపత్రిక అక్కడి కొన్ని వీధులను "షరియా త్రికోణం" అని రాస్తే పార్లమెంటు దాకా గోల జరిగింది. మరుసటి ఏడాది అదే పత్రిక విచారించుకుంటే, ఆ విలేకరి ఉటంకించిన మనుషులు చాలా కథనాల్లో దొరకలేదు, ఆయన్ను తొలగించి ఆ కథనాలను వెనక్కు తీసుకుంది. మచ్చ మాత్రం అలాగే ఉండిపోయింది. అలాగని అంతా బాగుందనీ అనను. పేదరికం, ఇరుకు ఇళ్ళు ఉన్నమాట నిజం, 2015లో పోలీసులు పట్టుకున్న ఒక వ్యక్తి చనిపోయినప్పుడు స్కిల్డర్స్‌వైక్‌లో కొన్ని రాత్రులు అల్లర్లు జరిగాయి. ద హేగ్‌లో కలవారు ఇసుక నేల మీద, లేనివారు బురద నేల మీద అని పాత మాట ఉంది, ఈ పేటలు బురద వైపువి. బుడమేరు పక్క స్థలం ధర తెలిసిన విజయవాడ వాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

నా వృత్తిపరంగా ఒకటి చెప్పాలి. 1980లలో స్కిల్డర్స్‌వైక్ పాత ఇళ్ళను తీసి కట్టేటప్పుడు, పోర్చుగల్ వాస్తుశిల్పి అల్వారో సీజాను పిలిచారు. ఆయన నివాసులతో కూర్చుని, నిజమైన కొలతల్లో నమూనా గదులు కట్టి చూపించి, ముస్లిం కుటుంబాలు అతిథుల గదినీ లోపలి గదులనూ వేరు చేసుకునేలా జరుపుడు తలుపులు పెట్టారు. డచ్చి కుటుంబం దిగితే తలుపు తెరిచి ఉంచుకుంటుంది, అంతే తేడా. బయట మాత్రం పాత ద హేగ్ పద్ధతిలోనే ఇటుక గోడ, వీధిలోంచి పైకి మెట్లు. మన అపార్టుమెంట్లలో ఒక్కరైనా ఇల్లు కొనేవాళ్ళను ముందు ఇలా అడిగారా?

బ్రాడీపేట మాస్టారు మళ్ళీ రాసినది:

అందరికీ ధన్యవాదాలండీ. శనివారం మా అమ్మాయి ఆ సంతకు వెళ్ళి, పసుపు రంగులో, బుంగలా ఉన్న మదామ్ జానెట్ అనే సూరినామ్ మిరపకాయలు నాలుగు తెచ్చి, మన పచ్చిమిర్చే కదా అని రెండు చీల్చి పప్పులో వేసిందట. సువాసన పండులా ఉంది కానీ ఆ పప్పు తినలేక పెరుగన్నంతో సరిపెట్టుకున్నానని చెప్పింది. మిగిలిన రెండింటి ఫొటోను మిర్చి యార్డులో గుమాస్తాగా చేసిన మా బావమరిదికి పంపాను. ఇల్లు మార్పించమని ఆయన ఈసారి అనలేదు, తొడిమె దగ్గరగా కనిపించేలా ఇంకో ఫొటో తీయించి పంపమన్నాడు, కిలో ఎంత పలుకుతోందో కనుక్కోమన్నాడు.