కాసేపు తెలివి తప్పే ఫిట్స్‌తో ఇంటిపని, కుట్టుపని చేసుకోవడం ఎలా?

ప్రశ్న (పర్లాకిమిడి గృహిణి):
నమస్కారం. నాకు 31 సంవత్సరాలు. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. రెండేళ్లుగా చిన్నపాటి ఫిట్స్ వస్తున్నాయి. పడిపోవడం, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం ఉండదు. ముందుగా రబ్బరు కాలుతున్న వాసన వస్తుంది, ఆ తర్వాత అర నిమిషం పాటు చూపు నిలిచిపోయి, పెదవులు చప్పరిస్తూ, చేతిలోని గుడ్డను నలుపుతూ ఉంటానని మా అత్తగారు చెబుతారు. నాకు మాత్రం ఏమీ గుర్తుండదు. విశాఖలో పరీక్షలు చేసి, మెదడులో ఒక భాగంలో పుట్టే మూర్ఛ అని తేల్చి, కార్బమజెపిన్ రాశారు. నెలకు నాలుగైదుసార్లు వచ్చేవి ఇప్పుడు ఒకసారికి తగ్గాయి.

కిందటి నెల ఇస్త్రీ చేస్తుండగా ఆ వాసనే వచ్చింది. తేరుకున్నాక కూడా అది పోకపోవడంతో చూస్తే, ఇస్త్రీపెట్టె ఒకరి పట్టు జాకెట్ మీదే ఉంది, వీపు భాగం అరచేయంత మేర నల్లగా మాడిపోయింది. ఆనాటి నుంచి పొయ్యి దగ్గరకు వెళ్లాలన్నా భయంగా ఉంది. నిప్పు దగ్గర, నీళ్ల దగ్గర మీరు ఏ జాగ్రత్తలు తీసుకుంటున్నారు? బట్టలు ఇచ్చేవారికి ఈ సంగతి చెప్పాలా?

జవాబు (గుణుపురం, విశ్రాంత ఉపాధ్యాయుడు):
అమ్మా, ఇటువంటి ఫిట్స్‌తోనే నేను 26 సంవత్సరాలు పాఠాలు చెప్పాను. మొదట్లో దాచాను. నల్లబల్ల మీద రాస్తూ ఆగిపోయి, తెలివి వచ్చి చూసుకుంటే వాక్యం చివర అర్థం లేని గీతలు ఉండేవి. పిల్లలు నవ్వేవారు కాదు, బెదిరిపోయేవారు; నన్ను ఎక్కువ బాధించింది అదే. చివరకు పదో తరగతి వారిని కూర్చోబెట్టి, ఆ అర నిమిషం నన్ను గట్టిగా పట్టుకోవద్దని, మెట్ల వైపు నడిస్తే మాత్రం మెల్లగా పక్కకు మళ్లించమని చెప్పాను. ఆ తర్వాత వారి బెదురు పోయింది, నా గుండెల మీది బరువూ దిగింది. బట్టలిచ్చే ప్రతివారికీ చెప్పనక్కరలేదు. రోజూ నీ పక్కన మసలే ఇద్దరు ముగ్గురికి తెలిస్తే చాలు.

వంశధారలో ఒంటరిగా స్నానం చేయడం మానేశాను. ఇంట్లో బకెట్టు, చెంబుతోనే స్నానం, తలుపుకు గడియ వేయను. బండి నడపలేదు, లైసెన్సు దరఖాస్తులోనే మూర్ఛ ఉందా అని అడుగుతారు, అక్కడ అబద్ధం రాస్తే రోడ్డు మీద నడిచేవారి ప్రాణాలతో ఆడుకున్నట్లే. రైలెక్కితే నా ఫిట్స్ సంగతి ఒడియాలోనూ తెలుగులోనూ రాసిన చీటీ జేబులో ఉంటుంది.

జవాబు (రాయగడ, నర్సు):
అక్కా, ఆ వాసన రాబోయే ఫిట్స్‌కు గుర్తు మాత్రమే కాదు, అప్పటికే ఫిట్స్ మొదలైందని అర్థం. అది తగిలిన క్షణమే ఇస్త్రీపెట్టె నిలబెట్టి, స్విచ్ ఆపి, రెండడుగులు వెనక్కి జరిగి నేల మీద కూర్చోండి. ప్రతిసారీ అంత వ్యవధి దొరకదు కనుక, ఇస్త్రీ, నూనెలో వేయించడం మాత్రం ఇంట్లో మరొకరు ఉన్నప్పుడే పెట్టుకోండి.

మా దగ్గరకు వచ్చేవారిలో చాలామందికి ఫిట్స్ తిరగబెట్టేది మాత్ర తప్పడం వల్లే. కార్తీక సోమవారం ఉపవాసమని ఉదయం మాత్ర మానేసి, సాయంత్రానికి ఆసుపత్రికి వచ్చినవారిని చూశాను. ఉపవాసం ఉన్నా మాత్ర మానవద్దు. చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఫిట్స్ ఆగదు, సాధారణంగా దానంతట అదే ఆగుతుంది. నోట్లో ఏమీ పెట్టనివ్వకండి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మరొకటి వచ్చినా 108కి ఫోన్ చేయాలి. పిల్లల కోసం ఆలోచిస్తుంటే ముందుగానే డాక్టరుతో మాట్లాడండి, సొంతంగా మందు ఆపవద్దు. గర్భనిరోధక మాత్రల బలాన్ని కార్బమజెపిన్ తగ్గిస్తుందని కూడా తెలుసుకోండి.

జవాబు (బరంపురం):
మాత్రలతో పాటు నిద్ర కూడా ముఖ్యమండి. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్రలో వరుసగా రెండు రాత్రులు మేలుకున్నాను, మూడో రోజు పొద్దున్నే ఫిట్స్ వచ్చాయి. ఇప్పుడు వేషాలు చూసి పది గంటలకల్లా ఇంటికి చేరుతున్నాను. మరొక మాట: మూర్ఛ ఉంటే పెళ్లి చెల్లదని మావైపు ఇంకా భయపెడతారు. హిందూ వివాహ చట్టం నుంచి ఆ మాటను 1999లోనే తొలగించారు.

పర్లాకిమిడి గృహిణి:
అందరికీ కృతజ్ఞతలు. మాస్టారి జవాబును, నర్సుగారి జవాబును అత్తగారికి చదివి వినిపించాను. తాళాల గుత్తి మేకుకు తగిలించేశారు; ఈసారి ఫిట్స్ వస్తే గోడ గడియారం చూసి ఎంతసేపు ఉందో చెబుతానన్నారు. జాకెట్ యజమానురాలికి ఉన్నది ఉన్నట్లు చెప్పి, కొత్త గుడ్డ కొనిస్తానన్నాను. ఆవిడ గుడ్డ వద్దన్నారు, మరో రెండు జాకెట్లు కుట్టమని ఇచ్చి వెళ్లారు.