‘నాకు చేతకాదు’లో ఉన్నది ఏ చేత?

‘చేయి’తో వచ్చే జాతీయాలను పదకోశం కోసం సర్దుతున్నాను. చెయ్యిచ్చాడు (నమ్మించి వదిలేశాడు), చేయి చేసుకున్నాడు (కొట్టాడు), చేతివాటం, చేబదులు, చేవ్రాలు, చేతి చమురు వదలడం... ఇవన్నీ పేచీ లేకుండా ‘చేయి’ కిందికే వెళ్లాయి. ‘మాటలు కాదు, చేతలు’లోని చేత వేరు, కోత, మేత లాగా క్రియకు ‘త’ చేరి వచ్చింది, కాబట్టి అది ‘చేయు’ కింద.

చిక్కంతా ‘చేతకాదు’తోనే. ముందు ‘వల్ల’ పెట్టి చూశాను. ‘నాచేత కాదు’ను ‘నావల్ల కాదు’ అనవచ్చు, అంటే తృతీయా విభక్తి. కానీ ‘నాకు ఈత చేతకాదు’లో ‘నాకు వల్ల కాదు’ అనలేం. తర్వాత సంధి చూశాను. ‘చేతనైన సాయం’లో నకారం వస్తోంది, ‘చేతగాని’లో క గ అవుతోంది. రెండూ ద్రుతాన్ని (పదం చివరి నకారాన్ని) చూపిస్తున్నట్టున్నాయి గనుక ‘చేతన్’ అనే విభక్తి ప్రత్యయం అనిపిస్తుంది. మరి ముందు ‘నాకు’ ఉండగా విభక్తి దేనికి అంటుకున్నట్టు? (చేతిలో పని అనే అర్థం లాగితే వస్తుంది గానీ, అది నాకే అతుకులా ఉంది.)

‘నాకు చేతకాదు’ను చేయి, చేయు, చేతన్‌లలో దేని కింద చేర్చాలి, ఏ వ్యాకరణ ఆధారంతో?