మేనార్డ్ ఫెర్గూసన్: బిగ్ బ్యాండ్‌ని బతికించాడా, పాప్‌కి అమ్మేశాడా?

బెబాప్_బెజవాడ:
మొన్న ఒకాయన ట్రంపెట్ వాద్యకారుడు మేనార్డ్ ఫెర్గూసన్‌ని జాజ్‌లో గొప్ప బిగ్ బ్యాండ్ (ట్రంపెట్లు, సాక్సఫోన్లతో వాయించే పెద్ద జాజ్ బృందం) లీడర్ల లిస్టులో వేశారు. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. ట్రంపెట్ వాయించే సత్తా మీద నాకు ఏ పేచీ లేదు. మాంట్రియల్ పక్కన వెర్డన్‌లో 1928లో పుట్టి, ఇరవై రెండేళ్లకల్లా అప్పటి పేరున్న స్టాన్ కెంటన్ బిగ్ బ్యాండ్‌లో చేరి, 1950, 51, 52 వరసగా మూడేళ్లు జాజ్ పత్రిక డౌన్‌బీట్ పాఠకుల పోల్‌లో ట్రంపెట్‌కి ఫస్ట్ వచ్చినవాడు. 1958 నాటి ‘ఎ మెసేజ్ ఫ్రమ్ న్యూపోర్ట్’ రికార్డు ఇప్పుడు పెట్టినా ఒళ్లు జలదరిస్తుంది. అలాంటి మనిషి 1977లో రాకీ సినిమా ట్యూన్ వాయించి పాప్ చార్టులో 28వ స్థానానికి ఎక్కాడు, అక్కడితో ఆగాడా అంటే లేదు, వెంటనే స్టార్ వార్స్, ఆ తర్వాత బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా, వెనక డిస్కో బీటు, కోరస్, వయొలిన్లు. రికార్డు కంపెనీ ఏది అమ్ముడుపోతుందంటే అది వాయించాడు. దీన్ని గొప్పతనం అని ఎలా అంటాం?

డాలస్_బ్రాస్:
అన్నా, మీరు రికార్డులు విని మాట్లాడుతున్నారు, నేను ఆ నోట్లు వాయించడానికి తంటాలు పడి మాట్లాడుతున్నా. ఇక్కడ టెక్సస్‌లో హైస్కూల్ బ్యాండ్‌లో ట్రంపెట్ సెక్షన్‌లో కూర్చున్నవాడిని, మా దగ్గర మేనార్డ్ పేరు తెలియని పిల్లాడు ఉండేవాడు కాదు. ఆయన బ్యాండ్ చార్ట్ (వాయించాల్సిన నొటేషన్) స్టాండ్ మీద పెట్టగానే మా లీడ్ ట్రంపెట్ కుర్రాడి మొహం మారిపోయేది. మొదటి పేజీ బాగానే పోతుంది, చివరికొచ్చేసరికి పై స్థాయి నోట్లు వరసగా పడతాయి, అప్పటికే పెదవి అలిసిపోయి ఉంటుంది, మౌత్‌పీస్‌ని ఇంకా గట్టిగా నొక్కుతాడు, నొక్కేకొద్దీ పెదవి అదరడం ఆగిపోయి నోటు పలకదు, గాలి ఒక్కటే బుస్సుమని వస్తుంది. మేనార్డ్ డబుల్ హై సి (ట్రంపెట్ మామూలు పరిధికి చాలా పైనుండే నోటు) దాకా వెళ్లి కూడా అక్కడ ట్యూన్ వాయించేవాడు. కీచుమనిపించి వదిలేయడం కాదు, ట్యూన్! ఊపిరి పొట్ట లోపలి నుంచి పట్టడం యోగాలో నేర్చుకున్నానని ఆయనే చెప్పేవాడు.

ఇంకో మాట. బిగ్ బ్యాండ్ వ్యాపారం 40ల చివర్లోనే కూలిపోయింది, రాక్ వచ్చాక 60ల మధ్యలో మేనార్డ్ కూడా పెద్ద బ్యాండ్‌ని నడపలేకపోయాడు. అలాంటిది 70ల్లో మళ్లీ బ్యాండ్‌తో బస్సెక్కి స్కూలు ఆడిటోరియంలలో వాయించాడు. రాకీ ట్యూన్ కోసం వచ్చిన పదిహేనేళ్ల పిల్లలు అదే రాత్రి అసలు జాజ్ సోలోలు కూడా విని ఇంటికి వెళ్లారు.

మదనపల్లె_మనిషి:
ఈ చర్చలో మా ఊరి సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నానండి. ఈయన 60ల చివర్లో కుటుంబంతో ఇండియా వచ్చేసి మా మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూల్లో, అదే జిడ్డు కృష్ణమూర్తి గారి స్కూల్లో, పిల్లలకి సంగీతం చెప్పాడు. హాలీవుడ్‌లో పారమౌంట్ స్టూడియోలో ట్రంపెట్ వాయించి, న్యూయార్క్ బర్డ్‌లాండ్ జాజ్ క్లబ్బులో సొంత బ్యాండ్ నడిపిన మనిషి! తర్వాత సత్యసాయిబాబా భక్తుడై పుట్టపర్తికి వచ్చిపోతూ అక్కడి విద్యార్థుల బ్రాస్ బ్యాండ్‌కి కూడా నేర్పాడు. డబ్బుకి అమ్ముడుపోయేవాడే అయితే రిషివ్యాలీలో ఏం పని?

వీణ_విద్యార్థి:
మదనపల్లె గారూ, దానికి కొనసాగింపు. ఇండియా నుంచి ఇంగ్లండ్ వెళ్లాక 1970లో చేసిన ‘ఎం.ఎఫ్. హార్న్’ రికార్డు మీద ‘చల నాట’ అనే ట్రాక్ ఉంది. అవును, మన కర్ణాటక సంగీతంలోని 36వ మేళకర్త (మూల రాగం) చలనాటే. జగదానందకారక విన్నవాళ్లకి నాట రుచి ఎలాగూ తెలుసు. షట్‌శ్రుతి రిషభం, షట్‌శ్రుతి ధైవతం ఉన్న వివాది మేళం (పక్కపక్క స్వరాలు ఒకదానితో ఒకటి ఒరుసుకునే రాగం) అది, గాయకులే జాగ్రత్తగా పట్టుకుంటారు. అదే రికార్డు మీద ‘మెకార్థర్ పార్క్’ కూడా ఉంది, అది అప్పటి పాప్ హిట్టు. ఒకే ఎల్‌పీ మీద పాప్ పాటా ఉంది, చలనాటా ఉంది! ఈయనకి చెవికి నచ్చిందల్లా తన బ్యాండ్‌లోకి తెచ్చుకోవాలనే ఆకలి, అందులో ఇది ఉత్తమం అది నాసి అనే గీత లేదు. రాగం వాయించినందుకు మెచ్చుకుని సినిమా ట్యూన్ వాయించినందుకు తిట్టడం నాకు కుదరదు. వాల్వులూ (వేళ్లతో నొక్కే మీటలు) స్లైడూ (ముందుకీ వెనక్కీ జరిపే గొట్టం) రెండూ ఉన్న ఫైర్‌బర్డ్ ట్రంపెట్ కూడా ఆయన ఆలోచనే, వాల్వులతో మాత్రమే జారు (ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం) పలికించడం ఎంత కష్టమో బ్రాస్ వాయించేవాళ్లని అడగండి.

బెబాప్_బెజవాడ:
వీణ గారూ, 1970 రికార్డు మీద నాకూ గౌరవమే. మెకార్థర్ పార్క్‌ని విడగొట్టి మళ్లీ కట్టారు, అది అరేంజ్‌మెంట్ అంటే. 1977లో జరిగింది అది కాదు. ట్యూన్ ఉన్నదున్నట్టు, కింద బీటు, పైన హై నోటు. ఆకలి వేరు, ఫార్ములా వేరు.

డాలస్_బ్రాస్:
సరే, ఫార్ములా అనే అనుకుందాం. రాకీ ట్యూన్ ఉన్న ఆ 1977 ‘కాన్‌క్విస్టడోర్’ రికార్డు మీద డ్రమ్స్ ఎవరు? పీటర్ ఎర్స్‌కిన్. మరుసటి ఏడాది పేరున్న జాజ్ బృందం వెదర్ రిపోర్ట్ వాళ్లు పిలిచి తీసుకెళ్లారు. ఆ వెదర్ రిపోర్ట్ పెట్టిన జో జావినుల్, వేన్ షార్టర్ ఇద్దరూ 1959లో ఇదే మేనార్డ్ బ్యాండ్‌లో కొన్నాళ్లు వాయించినవాళ్లే. లీడర్ అంటే ఎంత పైకి వాయించాడన్నదే కాదు కదా, ఎవర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు, వాళ్లకి ఎంత చోటిచ్చాడు అన్నది కూడా చూడాలి. పాప్ రికార్డులు అమ్ముడైన రోజుల్లో కూడా ఆ బస్సులో కుర్రాళ్లు తయారవుతూనే ఉన్నారు. 80ల చివర్లో బిగ్ బాప్ నూవో అనే బ్యాండ్ పెట్టి మళ్లీ అసలు జాజ్ వైపు వచ్చాడు, అందులోనూ సగం మంది అప్పుడే కాలేజీ నుంచి బయటికొచ్చిన పిల్లలే. 2006 జులైలో న్యూయార్క్ బ్లూ నోట్ జాజ్ క్లబ్బులో వాయించి, అదే నెలలో ఆల్బమ్ రికార్డ్ చేసి, ఆగస్టు 23న 78 ఏళ్లకి పోయాడు.

బెబాప్_బెజవాడ:
ఎర్స్‌కిన్ పాయింట్‌కి ఎదురు చెప్పను, మనుషుల్ని తయారుచేశాడు, నిజం. కానీ కొత్తగా వినేవాళ్లు అడిగితే నేను న్యూపోర్ట్ రికార్డే చేతిలో పెడతా, రాకీ ట్యూన్ పెట్టను.

వీణ_విద్యార్థి:
నేనైతే చల నాట పెడతా. మన వాళ్లకి అదే సరైన గుమ్మం.