ట్యాంకు మోడల్ షేడింగ్: నీడా, చాయా?

రంగులపెట్టె: 1/35 స్కేలు ట్యాంకు మోడళ్లకు ఎయిర్‌బ్రష్‌తో (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పరికరం) రంగు వేయడం మీద తెలుగులో ఒక చిన్న మార్గదర్శిని రాస్తున్నాం. ప్రీషేడింగ్‌ను, అంటే అసలు రంగుకు ముందే అతుకుల మీద ముదురు గీతలు వేయడాన్ని, ‘ముందునీడ’ అనీ, అసలు రంగు తర్వాత చేసే పోస్ట్‌షేడింగ్‌ను ‘తర్వాతినీడ’ అనీ అనుకున్నాం. చదివేవాళ్లకు అర్థమవుతుందా? ఉదాహరణకు తీసుకున్నది ఆలివ్ డ్రాబ్ (ముదురు ఆకుపచ్చ-గోధుమ) రంగు అమెరికన్ ట్యాంకు షెర్మన్, తామియా ఎక్స్‌ఎఫ్-62 రంగు.

సన్నముక్కు: ‘తర్వాతినీడ’ అంటే చేతిపని తప్పుదారి పడుతుందండీ. పోస్ట్‌షేడింగ్‌లో నీడ వేయం. అసలు రంగునే కాస్త లేతచేసి పలకల మధ్యలో కొడతాం, అంచులు మాత్రం పాత రంగులోనే వదిలేస్తాం. పేరులో నీడ ఉంటే కొత్తవాళ్లు నలుపు కలుపుతారు.

నిఘంటువు పురుగు: అయితే ‘చాయ’ చూడండి. సంస్కృతంలో ఛాయకు నీడ అనే అర్థం ఉన్నా, వాడుకలో ఒత్తు పోయి ‘చాయ’ అయ్యాక అది ఎక్కువగా రంగు తీరునే చెబుతుంది. చామనచాయ, మంచి చాయ మనిషి అంటాం కదా. ‘ఆ చాయలకు రాలేదు’ అన్నప్పుడు దగ్గర అనే అర్థం వేరే ఉంది, కానీ ఇక్కడ అది అడ్డురాదు. లేతకూ ముదురుకూ రెంటికీ సరిపోయే మాట ఇది.

సన్నముక్కు: చాయ బాగుంది. ముందు, తర్వాత అనే మాటలు కూడా తీసేసి ‘అడుగుచాయ’, ‘పైచాయ’ అందాం. ఎప్పుడు వేశామన్నదాని కన్నా ఏ పొరలో ఉందన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. అడుగుచాయ కనిపించేది పైపొర పల్చగా ఉన్నంతసేపే.

పని ఇలా ఉంటుంది. ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే మొదటి పూత) ఆరాక ఎక్స్‌ఎఫ్-69 నాటో బ్లాక్ ఒక పాలుకు ఎక్స్‌-20ఏ థిన్నర్ రెండు పాళ్లు కలపాలి. 0.2 లేదా 0.3 మి.మీ. నాజిల్, 10–12 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి, ఉపరితలానికి రెండు మూడు సెంటీమీటర్ల దూరం. పలకల అతుకులు, హ్యాచ్‌ల చుట్టూ, టరెట్ (ఫిరంగి ఉండే తిరిగే భాగం) కింది అంచు, ట్రాకుల పైభాగం లోపలివైపు సన్నగా గీయాలి. గీతలు కాస్త వంకరపోయినా నష్టం లేదు, పైపొర సర్దేస్తుంది. ఆపైన అసలు రంగు 30 శాతం, థిన్నర్ 70 శాతం కలిపి, 15 పీఎస్‌ఐ దగ్గర, పది సెంటీమీటర్ల దూరం నుంచి పొర మీద పొర వేయాలి. ప్రతి పొరా ఆరనిచ్చి చూడాలి. నల్లగీత ఇంకా కొంచెం ఎక్కువగా కనిపిస్తోంది అనిపించగానే ఆపాలి, ఎందుకంటే తర్వాత వచ్చే వార్నిష్, వాష్ (సందుల్లో నిలిచే పల్చటి ముదురు రంగు) దాన్ని ఇంకా కలిపేస్తాయి. ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే, మరో పొర వేసి మొత్తం కప్పేస్తారు.

అయితే మీ షెర్మన్‌కి అడుగుచాయ పెద్దగా పనికిరాదు. ఎక్స్‌ఎఫ్-62 అసలే ముదురు. దాని కింద నలుపు తేలదు. 1943 ఫిబ్రవరి తర్వాతి జర్మన్ ట్యాంకుల ముదురు పసుపు మీదైతే చక్కగా తేలుతుంది. ఆలివ్ డ్రాబ్‌కు పైచాయే ముఖ్యం.

రంగులపెట్టె: పైచాయకు తెలుపు కలపవచ్చా?

సన్నముక్కు: వద్దు. తెలుపు కలిస్తే సుద్ద పూసినట్టు బూడిదగా మారుతుంది. ఆలివ్ డ్రాబ్ అసలు తయారైందే నలుపు, పసుపుమన్ను వర్ణకాలతో. అందుకే లేత చేయాలంటే పసుపు వైపే పోవాలి. ఎక్స్‌ఎఫ్-62 మూడు పాళ్లకు ఎక్స్‌ఎఫ్-60 ముదురు పసుపు ఒక పాలు. టరెట్ పైకప్పు, ఇంజన్ డెక్ లాంటి ఆకాశం చూసే పలకలకు మాత్రం రెండుకు ఒకటి. పక్క పలకల మీద పైసగంలోనే ఆపండి.

తడిగాలి: మీ మార్గదర్శినిలో రంగు చిక్కదనానికి ‘పలచటి మజ్జిగ’ అని రాశారట, అది ఎక్కువ చిక్కన. వెన్న తీసిన పాలు అనండి. కప్పు గోడకు తాకిస్తే జారి, వెనక పల్చటి పొర మిగలాలి.

దోషాలకు కూడా పేర్లు కావాలి. రంగు చుక్క నుంచి నాలుగువైపులా సన్నటి పాయలు పరుగెత్తితే ‘సాలెకాళ్లు’. రంగు మరీ పల్చనై గాలి ఎక్కువైనా, బ్రష్ దగ్గరగా ఒకేచోట నిలబెట్టినా వస్తుంది. ముందు గాలి వదిలి, చెయ్యి కదులుతుండగా రంగు వదలాలి, ఆపేటప్పుడు రంగు ముందు ఆపాలి. ఉపరితలం గరుకుగా ఇసుక రాలినట్టు వస్తే రంగు గాల్లోనే ఆరిపోయిందని. దూరం తగ్గించండి, ఎండాకాలంలో రెండు చుక్కలు రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసే ద్రవం) వేయండి. కోస్తాలో వానాకాలం గొట్టంలోంచి నీటిచుక్కలు చిమ్ముతాయి, మాయిశ్చర్ ట్రాప్ (గాలిలోని తేమను పట్టే పరికరం) లేకుండా పని పెట్టుకోవద్దు. లాకర్ థిన్నర్ వాడితే ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జ్ ఉన్న మాస్కు తప్పనిసరి, గుడ్డమాస్కు ఆవిరిని ఆపదు.

నిఘంటువు పురుగు: వాష్‌కు ‘కడుగు’ అని పెట్టకండి దయచేసి. కడగడం మురికి పోగొట్టేది, ఇది సందుల్లో మురికి నిలిపేది. ‘మడ్డిపూత’ అంటే ఎలా ఉంటుంది?

సన్నముక్కు: చాలా బాగుంది, పని కూడా అదే. గ్లోస్ (మెరిసే) వార్నిష్ పూర్తిగా ఆరాక ముదురు గోధుమ ఆయిల్ రంగు ఒక పాలు, వైట్ స్పిరిట్ తొమ్మిది పది పాళ్లు. సన్న కుంచె మొన అతుకుకు తాకిస్తే మడ్డి తనంతట తానే పాకుతుంది. మ్యాట్ (మెరుపులేని) పూత మీద వేస్తే గరుకులో ఇంకి మరక కడుతుంది. అరగంట ఆగి, స్పిరిట్‌లో ముంచి పిండిన కుంచెతో మిగులును పై నుంచి కిందికి లాగండి.